ఫ్రాన్స్ గాల్: రాయకుండానే సొంతం చేసుకున్న పాటలు

ఫ్రెంచ్ పాప్ గాయని ఫ్రాన్స్ గాల్ జీవితాన్ని అక్కడి పత్రికలు, టీవీ కార్యక్రమాలు దాదాపు ఎప్పుడూ రెండు భాగాలుగా చెబుతాయి. మొదటి భాగంలో పదహారేళ్లకే పాడడం మొదలుపెట్టిన పిల్ల. పెద్దవాళ్లు చేతిలో పెట్టిన పాటను అర్థం తెలియకుండానే పాడేసి, వాళ్ల ఆటలో బొమ్మ అవుతుంది. రెండో భాగంలో మిషెల్ బెర్జె అనే సంగీతకారుడు వస్తాడు. ఆమె కోసం పాటలు కడతాడు, ఆమెను పెళ్లి చేసుకుంటాడు, అప్పుడు ఆమె అసలైన గాయని అవుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఈ కథ మొత్తంలో పని చేసేది మగవాళ్లే. ఒకడు వాడుకున్నాడు, ఇంకొకడు ఆదుకున్నాడు. మధ్యలో ఆమె ఏం చేసిందన్నది ఎక్కడా కనపడదు.

ఆమెకు పేరు తెచ్చిన పెద్ద పాటల్లో ఏదీ ఆమె రాసింది కాదన్నది నిజమే. మొదట్లో తండ్రి, సెర్జ్ గేన్స్‌బూర్, మరికొందరు రాశారు. 1974 తర్వాత దాదాపు అన్నీ బెర్జె రాసినవే. అయినా వింటుంటే 1966 నాటి ఒకటి రెండు పాటలు ఆమె మీద రుద్దినట్టుంటాయి, 1981 నాటి పాటలు ఆమె నోటిలోనే పుట్టినట్టుంటాయి. రెండు కాలాల్లోనూ కలం మగవాడి చేతిలోనే ఉంది కాబట్టి, రాసిందెవరన్న ప్రశ్నతో ఈ తేడా తేలదు. పాడే ముందు ఆమెకు ఆ పాట గురించి ఎంత తెలుసు, దేన్ని కాదనగలిగింది, ఎప్పుడు ఆపేయగలిగింది అని అడగాలి. అలా అడిగితే ఆమె కెరీర్‌లో చాలామంది పట్టించుకోని నిర్ణయాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

పాటల ఇంట్లో పిల్ల

ఆమె అసలు పేరు ఇజాబెల్. 1947 అక్టోబర్ 9న పారిస్‌లో పుట్టింది. తండ్రి రొబేర్ గాల్ గాయకుడిగా మొదలుపెట్టి పాటల రచయితగా స్థిరపడ్డాడు. ఎదిత్ పియాఫ్‌కు రాశాడు. షార్ల్ అజ్నవూర్ పాడిన ‘లా మమ్మా’కు మాటలు అతనివే. తల్లి తరఫు తాత పోల్ బెర్తియె 1907లో ఒక బాలగాయక బృందం స్థాపించిన వాళ్లలో ఒకడు. ‘చెక్క శిలువ బాలగాయకులు’ అనే అర్థం వచ్చే పేరుతో ఆ బృందం ఇప్పటికీ నడుస్తోంది. కవలలైన ఇద్దరు అన్నలదీ సంగీతమే. ఇంటికి వచ్చేపోయేవాళ్లంతా పాటలవాళ్లే. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకు సంగీతం గురించి ఏమీ తెలియదనుకోవడం పొరపాటు. ఆమెకు తెలియనిది సంగీత వ్యాపారం. అందులో అప్పటికే ముప్పయ్యేళ్లు, నలభయ్యేళ్లు ఉన్న మగవాళ్లు మాట్లాడుకునే తీరు.

1963 వసంతంలో తండ్రి ప్రోత్సాహంతో కొన్ని పాటలు రికార్డు చేసి దెనీ బూర్జ్వా అనే మ్యూజిక్ పబ్లిషర్‌కు పంపారు. జులైలో పారిస్‌లోని షాంజెలిజే థియేటర్‌లో అతను ఆమె పాట విన్నాడు, వెంటనే ఒప్పందం అన్నాడు. ఫిలిప్స్ కంపెనీ ఆమె మొదటి రికార్డు తెచ్చింది. అందులోని పాట రేడియోలో మొదటిసారి వినపడింది సరిగ్గా ఆమె పదహారో పుట్టినరోజున. అప్పటికే ఇజాబెల్ ఒబ్రే అనే గాయని యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ యూరోవిజన్‌ను 1962లో గెలిచి పేరుమోసింది. ఇద్దరు ఇజాబెల్‌లు ఉంటే జనం తికమకపడతారని కంపెనీ ఈమె పేరు మార్చింది. ఫ్రెంచ్‌లో వేల్స్‌ను ‘గాల్’ అంటారు కాబట్టి ‘ఫ్రాన్స్ గాల్’ అన్న పేరు ఫ్రెంచివాళ్ల చెవికి ఫ్రాన్స్‌, వేల్స్ జట్ల రగ్బీ మ్యాచ్‌లా వినిపిస్తుంది. గుర్తుండిపోయే పేరే, అయితే పెట్టుకున్నది ఆమె కాదు.

ఆ ఏడాది ఫ్రాన్స్‌లో ఏం జరుగుతోందో తెలిస్తే ఆ తొందర అర్థమవుతుంది. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు టీనేజ్‌కు వచ్చారు. చేతిలో చిల్లర డబ్బులు, గదిలో రికార్డ్ ప్లేయర్, జేబులో ట్రాన్సిస్టర్. యూరప్ 1 రేడియోలో 1959లో మొదలైన ‘సాల్యు లే కొపెన్’ కార్యక్రమం వాళ్లకు రోజూ సాయంత్రం బడి వదిలాక వినే వేదమైంది. అదే పేరుతో వచ్చిన పత్రిక వార్షికోత్సవానికి 1963 జూన్ 22న పారిస్ నాసియోన్ కూడలిలో కచేరీ పెడితే లక్షన్నరకు పైగా కుర్రకారు విరుచుకుపడ్డారు. పోలీసులు, పత్రికలు, తల్లిదండ్రులు నివ్వెరపోయారు. అమెరికన్ పాటల్లో వినిపించే ‘యే యే’ అరుపుల మీదుగా ఎద్గార్ మోరెన్ అనే సామాజికవేత్త ఈ తరం సంగీతానికి ‘యేయే’ అని పేరు పెట్టాడు. మార్కెట్ రాత్రికి రాత్రి పుట్టింది. దాన్ని నింపడానికి కంపెనీలకు కొత్త ముఖాలు కావాలి, అదీ కొనేవాళ్ల వయసులోనే. పాడేవాళ్లు పిల్లలు. రాసేవాళ్లు, వాయించేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు మాత్రం పెద్దలు. ఈ ఏర్పాటులోనే తర్వాతి చిక్కుకు బీజం ఉంది.

నాలుగేసి పాటలుండే చిన్న రికార్డు అప్పట్లో ఫ్రెంచ్ మార్కెట్‌లో మామూలు రూపం. మూడు నాలుగు నెలలకొకటి తెస్తూ ఉండాలి. ఆ వేగంలోనూ గాల్ రికార్డులు విడిగా నిలబడ్డాయంటే వాద్యరచన చేసిన ఆలెన్ గొరాగేకు చాలా వాటా ఉంది. అతను జాజ్ పియానిస్ట్. 1964లో గాల్ పాడిన ‘జాజ్ ఆ గోగో’ వింటే ఆ పిల్ల గొంతులో ఎంత చురుకు ఉందో తెలుస్తుంది. మాటను తాళానికి కొంచెం ముందో వెనకో వేసి, మళ్లీ దారిలోకి రావడం ఆమెకు అప్పటికే వచ్చు. గొంతు సన్నగా, కాస్త ముక్కులోంచి వస్తుంది, లయ మాత్రం ఎక్కడా జారదు. యేయే గాయనుల్లో ఇంత లయజ్ఞానం ఉన్నవాళ్లు తక్కువ. ఆమె గురించి రాసేటప్పుడు అందం, అమాయకత్వం గురించే పేజీలు నింపి, ఈ సంగతి వదిలేయడం అన్యాయం.

అదే కాలంలో తండ్రి మాటలు రాసిన ‘సాక్రే షార్లమాన్’ కూడా వచ్చింది. బడి అనేదాన్ని కనిపెట్టినందుకు షార్లమాన్ చక్రవర్తిని పిల్లలు తిట్టుకునే పాట అది. లక్షల్లో అమ్ముడైంది, ఫ్రెంచ్ బడిపిల్లలు తరాలుగా పాడుకుంటున్నారు. గాల్‌కు మాత్రం అది నచ్చలేదు. పెద్దపిల్లగా, జాజ్ పాడగల గాయనిగా కనపడాలనుకుంటుంటే ఈ పాట తనను పిల్లల గాయనిని చేసింది.

నేపుల్స్, ఆ తర్వాత

సెర్జ్ గేన్స్‌బూర్ 1928లో పుట్టాడు. 1964 నాటికి విమర్శకులు మెచ్చుకునే పాటలు రాస్తున్నాడు గానీ రికార్డులు కొనేవాళ్లు తక్కువ. బూర్జ్వాకు ఇద్దరూ తెలుసు కాబట్టి ఇద్దరినీ కలిపాడు. ‘నెకూత్ పా లెజిదోల్’ పెద్ద హిట్టయింది. అదే ఏడాది వచ్చిన ‘లెస్ తొంబె లే ఫీ’లో, అమ్మాయిలను ఏడిపించి వదిలేసే కుర్రాడికి ఒక రోజు నీ వంతూ వస్తుందని హెచ్చరిస్తుంది గాల్. ఇత్తడి వాద్యాలు గట్టిగా మోగుతుంటే ఆమె గొంతులో జాలి ఉండదు. ఇక్కడ ఆమె ఎవరి చేతిలోనూ బొమ్మలా అనిపించదు. ఏం పాడుతోందో తెలిసి, దాన్ని ఇష్టంగా పాడుతోంది. గేన్స్‌బూర్ ఆమెకు రాసినవన్నీ మోసాలేనని తేల్చేసేవాళ్లు ఈ పాట మళ్లీ వినాలి.

1965 యూరోవిజన్‌కు లక్సెంబర్గ్ ఆమెను పంపింది. చిన్న దేశం కావడంతో ఫ్రెంచ్ గాయకులను పంపడం దానికి అలవాటే. ఆమె ముందు పది పాటలు పెట్టారు. అందులోంచి గేన్స్‌బూర్ రాసిన ‘పూపే ద సీర్, పూపే ద సోన్’ను ఎంచుకున్నది గాలే. ప్రేమంటే తెలియని వయసులో ప్రేమ పాటలు పాడే మైనపు బొమ్మ ఆ పాటలో తన గురించి తనే చెప్పుకుంటుంది. రికార్డు తనకు అద్దంలాంటిదనీ, అందులో అందరూ తనను చూస్తున్నారనీ అంటుంది. అప్పటి దాకా యూరోవిజన్‌లో నిదానంగా సాగే పాటలదే రాజ్యం. ఈ పాట గుర్రం దౌడులాంటి డ్రమ్స్‌తో వచ్చింది. మార్చి 20న ఇటలీలోని నేపుల్స్‌లో 18 దేశాలు పోటీ పడగా 32 పాయింట్లతో గెలిచింది. పాప్ సంగీతం యూరోవిజన్ తలుపు తోసుకుని లోపలికొచ్చింది అప్పుడే.

గెలిచిన రాత్రి సంగతి ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. అప్పటి ప్రియుడు క్లోద్ ఫ్రాన్సువా, తనూ పేరున్న గాయకుడే, ఫోన్లో అభినందించాల్సింది పోయి అరిచాడట. వేదిక మీద ఆమె కళ్లలో మెరిసినవి ఆనందబాష్పాలని చూసేవాళ్లు అనుకున్నారు. వాళ్లు విడిపోయాక అతను ‘కొమ్ దాబిత్యూద్’ అనే పాట చేశాడు. పోల్ యాంకా దానికి ఇంగ్లిష్ మాటలు రాయగా ఫ్రాంక్ సినాట్రా ‘మై వే’గా పాడాడు. ప్రపంచమంతా పాడుకునే ఆ పాట వెనక ఈ విడిపోవడం ఉందని ఫ్రాన్స్‌లో అందరికీ తెలుసు.

పూపే పాటను ఆమె జర్మన్, ఇటాలియన్, జపనీస్ భాషల్లోనూ రికార్డు చేసింది. ఏళ్లు గడిచాక వేదిక మీద పాడడం మానేసింది.

1966లో ‘లే సుసెత్’ వచ్చింది. పైకి చూస్తే యాని అనే అమ్మాయికి సోంపు రుచి లాలీపాప్‌లంటే ఇష్టమని చెప్పే పాట. గేన్స్‌బూర్ ప్రతి మాటకూ అడుగున ఇంకో అర్థం, లైంగికమైన అర్థం దాచాడు. గాల్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లకు అర్థమైంది, నవ్వుకున్నారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. లాలీపాప్‌లతో అలంకరించి టీవీలో పాడించారు. తెలిశాక ఆమె కుమిలిపోయింది. తనను వంచించారనీ, బయటికి రావడానికే సిగ్గుపడ్డాననీ దశాబ్దాల తర్వాత కూడా చెప్పింది.

ఫ్రాన్స్‌లో చాలాకాలం దీన్ని గేన్స్‌బూర్ చమత్కారానికి ఉదాహరణగా, తెలివైన అల్లరిగా చెప్పుకున్నారు. ఇప్పుడు అలా చెప్పేవాళ్లు తగ్గారు, తగ్గడమే న్యాయం. పాటలో రెండర్థాలు ఉండడం తప్పు కాదు. ఇరవై ఏళ్ల ముందో వెనకో ఏ భాషలోనైనా అలాంటివి దొరుకుతాయి. తెలిసి పాడే గాయని ఆ ఆటలో భాగస్వామి. గాల్‌ను భాగస్వామిని చేయలేదు. ఆమెకు తెలియకపోవడమే ఆ పాటకు సరుకు. ఆమె ముఖంలో అమాయకత్వం నిజమైనది కాకపోతే ఆ జోకు పండదు. అంటే అమ్మింది ఆమె గొంతును మాత్రమే కాదు, ఆమె అజ్ఞానాన్ని కూడా. ఆమె సమ్మతి లేకుండా.

ఇక్కడి నుంచి దాదాపు ఏడేళ్లు ఆమెవి కాని రోజులు. 1968 విద్యార్థి, కార్మిక తిరుగుబాటు తర్వాతి ఫ్రాన్స్‌కు యేయే పిల్లలు పాతబడిపోయారు. ఫిలిప్స్ ఒప్పందం ముగిసింది. వేర్వేరు కంపెనీల్లో, వేర్వేరు రచయితలతో రికార్డులు వచ్చాయి, ఎవరూ పట్టించుకోలేదు. 1972లో గేన్స్‌బూర్‌తో మళ్లీ ప్రయత్నించినా లాభం లేకపోయింది. జర్మనీలో మాత్రం ఆదరణ ఉండేది. 1968లో ‘కంప్యూటర్ నంబర్ 3’ అనే పాటతో అక్కడి పోటీలో మూడో స్థానం తెచ్చుకుంది. తగిన వరుణ్ని వెతికిపెట్టమని కంప్యూటర్‌ను అడిగే ఆ పాట ఇవాళ వింటే ముచ్చటగానే ఉంటుంది. తర్వాత డిస్కో సంగీతంతో ప్రసిద్ధుడైన, అప్పటికి ఇంకా పేరు రాని జోర్జో మొరోడెర్ కూడా ఆమెకు పాటలు కట్టాడు. ఆ కాలంలోనే గాయకుడు జూలియెన్ క్లేర్‌తో కలిసి జీవించింది, 1974లో విడిపోయారు. ఇరవయ్యారేళ్లకే ఆమె పని అయిపోయిందని అందరూ అనుకున్నారు.

ఆమె వెతుక్కున్న రచయిత

బెర్జె వచ్చి ఆమెను కనుగొన్నాడన్నది వాడుకలో ఉన్న కథ. జరిగింది దానికి తిరగబడి ఉంది. 1973లో రేడియోలో బెర్జె పాడిన ‘అతాన్-మ్వా’ విని, తను పాడాల్సిన సంగీతం ఇదేనని గుర్తుపట్టింది గాల్. తనకు రాయమని ఆమే అడిగింది. బెర్జె వెనకాడాడు. యూరోవిజన్ బొమ్మ పాటల గాయనికి తను రాయడమేమిటన్న సందేహం అతనికి ఉండడంలో వింత లేదు. అతని నేపథ్యం వేరు. మూత్రపిండాల వైద్యంలో ఫ్రాన్స్‌లో మార్గదర్శి అయిన జాన్ ఆంబూర్జె అతని తండ్రి, తల్లి పియానో విద్వాంసురాలు. గాయని వెరోనిక్ సాన్సోన్ ‘అమూరూజ్’ ఆల్బమ్, మరో గాయని ఫ్రాన్సువాజ్ ఆర్దీ ‘మెసాజ్ పెర్సొనెల్’ రూపొందించిన నిర్మాత అతను. గాల్ పట్టు వదలలేదు. ముందు అతని రికార్డులో ఒక పాటకు వెనక గొంతు ఇచ్చింది. అతను రాయకపోతే ఇక పాడేదే లేదని తనలో తను తేల్చుకుంది. 1974లో ‘లా దెక్లరాసియోన్ దామూర్’ వచ్చింది. 1976 జూన్ 22న పెళ్లి.

ఎవరు పాడమంటే వాళ్లకు పాడుతూ వచ్చిన గాయని, ఈ ఒక్కరి పాటలు తప్ప ఇంకేవీ పాడనని తీర్మానించుకోవడం మామూలు విషయం కాదు. పని లేని గాయని చేసిన తీర్మానమది. పాటలు రాయని కళాకారిణి చేతిలో ఉండే పెద్ద ఆయుధం ఎంపిక. దాన్ని ఆమె మొదటిసారి పూర్తిగా వాడింది అప్పుడే.

సంగీతపరంగా ఏం మారిందో 1976 ఆల్బమ్, 1977లో వచ్చిన ‘డాన్సింగ్ డిస్కో’ వింటే తెలుస్తుంది. బెర్జె పియానో ముందు కూర్చుని బాణీ కట్టేవాడు కాబట్టి పాటలు పియానో లయ మీద నడుస్తాయి. మాటలు చిన్నవి, ఒక్కొక్క అక్షరం తాళం మీద పడేలా ఉంటాయి. గాల్‌కు చిన్నప్పటి నుంచీ ఉన్న లయజ్ఞానానికి ఇంతకంటే తగిన బాణీలు దొరకవు. గొంతును పై స్థాయిలో కీచుమనిపించకుండా మధ్య స్థాయిలో, మాట్లాడినంత సహజంగా పాడించాడు. ‘సి మమా సి’లో ఒక కూతురు తన జీవితంలోని వెలితిని తల్లికి చెప్పుకుంటుంది. అందులో ఏడుపు లేదు, నటన లేదు. 1964లో అదే గొంతుతో పిల్లల పాట పాడించారని గుర్తొస్తే కోపం వస్తుంది.

1978లో షాంజెలిజే థియేటర్‌లో, అంటే పదిహేనేళ్ల కింద ఆడిషన్ ఇచ్చిన చోటే, ఆమె ప్రదర్శన ఇచ్చింది. వాద్యబృందంలో దాదాపు అందరూ ఆడవాళ్లే. ఫ్రెంచ్ వేదికల మీద అప్పటికి అది అరుదు. మరుసటి ఏడాది బెర్జె, కెనడాలోని క్యెబెక్‌కు చెందిన రచయిత లూక్ ప్లామొందోన్ కలిసి చేసిన రాక్ ఒపెరా ‘స్టార్‌మానియా’ పారిస్ పాలె దె కాంగ్రెలో వేదికెక్కింది. అందులో టీవీ తార క్రిస్టల్ పాత్ర గాల్‌ది. దనియెల్ బాలవ్వాన్ అనే గాయకుడికి పేరు తెచ్చిన ప్రదర్శన కూడా అదే.

1980 నుంచి 1988 దాకా నడిచిన హిట్ల వరస ఫ్రాన్స్‌లో చిన్నాపెద్దా అందరికీ నోటికొచ్చు. ‘ఇల్ జూయె దు పియానో దెబూ’ నలుగురిలా ఉండని మనిషి గురించి. ఎల్టన్ జాన్‌తో కలిసి ఒక యుగళగీతం. 1981 చివర్లో వచ్చిన ‘తూ పూర్ లా మ్యూజిక్’ ఆల్బమ్‌లో ‘రెజిస్త్’. లోకం చెప్పినట్టల్లా నడుచుకోవద్దని, తలొగ్గవద్దని వినేవాళ్లను నేరుగా పిలిచే పాట. దీన్ని కూడా రాసింది మగవాడే. అయితే బెర్జె ఆమెను రోజూ చూస్తున్నాడు, ఆమె దేనికి తలొగ్గదో తెలుసు. రాసిన మనిషి పాడే మనిషిని విన్నాక పుట్టిన పాట కాబట్టే అది ఆమె నోట అంత నమ్మకంగా పలుకుతుంది.

పత్రికల్లో ఆనందంగా కనపడిన ఈ దంపతుల ఇంట్లో పెద్ద దిగులు ఉండేది. 1978 నవంబర్‌లో పుట్టిన కూతురు పోలీన్‌కు సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయి ఆయుష్షును తగ్గించే జన్యువ్యాధి అది. 1981లో కొడుకు రఫాయెల్ పుట్టాడు. కూతురి జబ్బు సంగతి బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు. ఒకప్పుడు తన గురించి తనకు తెలియనిది లోకానికంతా తెలిసి నవ్వుకున్న మనిషి, ఇప్పుడు తన ఇంటి దుఃఖంలో ఎవరికి ఎంత తెలియాలో తనే నిర్ణయించుకుంది.

1985లో ఇథియోపియా కరువు తర్వాత గాల్, బెర్జె, బాలవ్వాన్, నటుడు రిషార్ బెరీ తదితరులు ‘ఆక్సియోన్ ఎకోల్’ మొదలుపెట్టారు. ఫ్రెంచ్ బడుల్లో పిల్లలు ఆహారపదార్థాలు సేకరిస్తే ఆఫ్రికాకు పంపేవారు. 1986 జనవరి 14న పారిస్-డకార్ మోటారు రేసు జరుగుతుండగా మాలీలో హెలికాప్టర్ కూలి బాలవ్వాన్ చనిపోయాడు. అక్కడి గ్రామాలకు నీటి పంపులు ఇప్పించే పని మీద వెళ్లాడు. ‘ఎవిదమాన్’ అతన్ని తలచుకుంటూ వచ్చిన పాట. సెనెగల్‌లో ఒక పేద తల్లి తన పసిబిడ్డను తీసుకెళ్లి పెంచుకోమని గాల్‌ను అడిగింది. ఆమె బిడ్డను తెచ్చుకోలేదు, తల్లి తన కాళ్ల మీద తను నిలబడేలా సాయం చేసింది. 1987 ఆల్బమ్‌కు పేరైన ‘బాబకార్’ ఆ బిడ్డ పేరు. అదే ఆల్బమ్‌లోని ‘ఎలా, ఎల్ లా’ జాజ్ గాయని ఎలా ఫిట్జెరాల్డ్‌కు నమస్కారం. జర్మనీలో, ఆస్ట్రియాలో 1988లో నంబర్ వన్ అయింది. 1964లో ‘జాజ్ ఆ గోగో’ పాడిన పిల్ల ఎవరిని వింటూ పెరిగిందో ఇరవై మూడేళ్ల తర్వాత ఈ పాటతో లోకానికి చెప్పుకుంది.

ఆపడం, కొనసాగించడం

1988లో ఆ హిట్ తర్వాత, పేరు పతాకస్థాయిలో ఉండగా గాల్ పాడడం ఆపేసింది. కంపెనీలకు, అభిమానులకు, బెర్జెకు కూడా ఇది మింగుడుపడని నిర్ణయం. తిరిగి స్టూడియోకు వచ్చింది తన షరతు మీద. ఇద్దరూ సమానంగా కలిసి పాడే ఆల్బమ్ కావాలని ఆమె చాలాకాలంగా కోరుతోంది. 1992 జూన్‌లో ‘దూబ్ల్ జు’ అలా వచ్చింది. గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ, ఎవరిది ముందో ఎవరిది వెనకో తెలియకుండా సాగే పాటలు. ఇద్దరూ కలిసి వేదికెక్కే ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఆగస్టు 2న దక్షిణ ఫ్రాన్స్‌లోని రామతుయెల్‌లో టెన్నిస్ ఆడి వచ్చాక బెర్జె గుండెపోటుతో చనిపోయాడు. వయసు 44.

ఎనిమిది నెలలకు, 1993 ఏప్రిల్‌లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. చికిత్స తీసుకుని, సెప్టెంబర్‌లో పారిస్ బెర్సీ స్టేడియంలో వేదికెక్కింది. ఇద్దరి కోసం అనుకున్న కచేరీని ఒక్కతే చేసింది. దానికి ‘సాంప్ల్ జు’ అని, ఒంటరి ‘నేను’ అని పేరు పెట్టుకుంది. పాటల క్రమం, వాద్యరచన, వేదిక తీరు అన్నీ ఆమె చూసుకున్నవే. ఆమె రచయిత మీద ఆధారపడిన గాయని మాత్రమే అయితే కెరీర్ 1992తో ముగిసేది.

1996లో ‘ఫ్రాన్స్’ ఆల్బమ్ లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్ వాద్యకారులతో చేసింది. బెర్జె పాటలనే మళ్లీ తీసుకుంది, అతను తన కోసం రాసుకున్నవీ, ఇతరులకు రాసినవీ. ఆర్దీ పాడిన ‘మెసాజ్ పెర్సొనెల్’ అందులో ఉంది. పాత పాటలను పాతగా పాడలేదు. అడుగున డ్రమ్స్, బేస్ బరువు పెంచి వేరే పాటల్లా చేసింది. పాత రూపానికి అలవాటుపడ్డ చెవులకు ఇది వెంటనే ఎక్కకపోవచ్చు. ఆమె కెరీర్‌లో ధైర్యమైన పని మాత్రం ఇదే. కట్టిన మనిషి లేనప్పుడు అతని పాటను ఏం చేయాలో తేల్చే హక్కు తనకు ఉందని చాటింది.

1997 డిసెంబర్ 15న పోలీన్ చనిపోయింది. పందొమ్మిదేళ్లు. గాల్ సంగీతం వదిలేసింది. 2000లో ఒలింపియా థియేటర్‌లో ఫ్రెంచ్ రాక్ గాయకుడు జానీ ఆలిడే పక్కన నిలబడి బెర్జె అతని కోసం రాసిన ఒక పాట పాడడం తప్పిస్తే, ఇరవై ఏళ్లు దాదాపు పాడనేలేదు. చాలా రోజులు సెనెగల్‌లో, డకార్ పక్కనున్న ఎన్గోర్ దీవిలోని ఇంట్లో గడిపింది. మళ్లీ రమ్మని అడిగేవాళ్లకు, పాత హిట్లతో టూర్లు చేసే ఆ తరం గాయకులకు మధ్య ఆమె మౌనం కొట్టొచ్చినట్టు కనపడేది. ఖాళీగా మాత్రం కూర్చోలేదు. 2013లో ఒక యువ గాయని తన పాటలతో ఆల్బమ్ చేసినప్పుడు బహిరంగంగానే అసంతృప్తి చెప్పింది. కొందరికి అది కఠినంగా అనిపించింది. తెలియకుండా పాడించుకున్న అనుభవం ఉన్న మనిషికి, తన పాటలు ఎలా వాడుకోబడుతున్నాయన్న పట్టింపు ఉండడం సహజం.

2015 నవంబర్‌లో పారిస్ పాలె దె స్పోర్‌లో ‘రెజిస్త్’ అనే సంగీత నాటకం మొదలైంది. సంగీతకారుడు బ్రూక్ దవీత్‌తో కలిసి ఆమె కథ అల్లింది. బెర్జె పాటలతో నడిచే ఆ కథలో నాయిక పేరు మ్యాగీ, 1977 ఆల్బమ్‌లో ఒక పాటలో ఉన్న అమ్మాయి పేరే. గాల్ తెర మీద వ్యాఖ్యాతగా కనపడేది, పాడలేదు. ఇతరులు రాసింది పాడుతూ ముప్పయ్యేళ్లకు పైగా గడిపిన మనిషి, చివరికి ఇతరులు పాడేందుకు కథ రాసింది.

క్యాన్సర్ తిరగబెట్టి 2018 జనవరి 7న పారిస్ శివారు నొయిలీలోని ఆసుపత్రిలో చనిపోయింది. డెబ్బయ్యేళ్లు. జానీ ఆలిడే పోయి నెల రోజులే అయింది. మొంమార్త్ శ్మశానంలో బెర్జె, పోలీన్ ఉన్న సమాధిలోనే ఆమెనూ ఉంచారు.

ఆమె పాటలు తిరుగుతూనే ఉన్నాయి. ‘లెస్ తొంబె లే ఫీ’ ఇంగ్లిష్ రూపాన్ని 2007లో క్వెంటిన్ టారంటీనో తన ‘డెత్ ప్రూఫ్’ సినిమాలో వాడాడు. 2008లో బెల్జియం గాయని కేట్ రయన్ ‘ఎలా, ఎల్ లా’ను డాన్స్ ఫ్లోర్ల మీదికి తెచ్చింది. 1993 తర్వాత యూరోవిజన్‌కు దూరమైన లక్సెంబర్గ్ 2024లో తిరిగి వచ్చింది. నేపుల్స్ గెలుపుకు అరవై ఏళ్లు నిండిన 2025లో, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగిన పోటీకి లారా థోర్న్ అనే యువతిని ‘లా పూపే మోంత్ ల సోన్’ పాటతో పంపింది. గాల్ పాటకు అది సూటిగా ఇచ్చిన జవాబు. ఈసారి బొమ్మ తన తాళ్లు తనే తెంపుకుని, శబ్దం పెంచుతుంది.